నీ కాలూ నా కన్నూ

తమ్ముడూ,

నువ్వు పోయాక మొదటిసారి అమ్మవారి ఘటాలు రేపు బయల్దేరుతున్నాయి. నాకేమో ఇవాళే ఇందా పేటలోని కంటి ఆసుపత్రిలో కంట్లోకి సూదిమందు ఎక్కించారు. మన ఇంటి షుగరే. నీకు కాలు పట్టింది, నాకు కన్ను పట్టింది.

రక్తం చాలని చోట శరీరం ఒక ప్రోటీన్‌ను వదులుతుందట. దాంతో కొత్త రక్తనాళాలు పుడతాయట. నా కంట్లో అలా పుట్టినవాటికి బలం లేదు. అవి కారి చూపు మసకబారింది. ఈ సూదిమందు ఆ ప్రోటీన్‌ను ఆపడానికే. మరి మా తమ్ముడి కాలి పుండులో అదేం చేసిందని డాక్టర్ని అడిగాను.

"అక్కడ అదే కావాలి దీదీ. షుగరున్నవాళ్ల పుండులో సరిపడా రాదు," అన్నాడా బెంగాలీ డాక్టరు.

కావలసిన చోటికి రాదు, అక్కర్లేని చోట కాపురం పెడుతుంది. అచ్చం మన చుట్టాల్లాగే. ఒళ్లు మండిపోయింది.

నిరుడు చెప్పులు వేసుకోరా అని ఎంత మొత్తుకున్నాను. "అమ్మోరి ఘటం సెప్పులేసుకుని మోస్తారేటక్కా?" అన్నావు. షుగరుకి మొద్దుబారిన కాలికి రాయి గుచ్చుకున్న సంగతి ఇంటికొచ్చేదాకా నీకు తెలియనే లేదు.

ఈసారి ఘటం నీ కొడుకు ఎత్తుకుంటాడట. వాడికీ అప్పుడే షుగరు. కంటికి కట్టుతోనే గోల్‌బజార్ వెళ్లి వాడికి మెత్తటి బూట్లు తెచ్చాను. వాటివైపు చూసి, "అమ్మోరికి కోపమొస్తాది అత్తా," అన్నాడు. నీ గొంతే.

"వస్తే నా దగ్గరకి రమ్మను," అన్నాను. "నాకూ ఆవిడతోటి మాటాడాల్సింది ఉంది."