నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం నేనే చదివాను. మీ బావ చదివిపెడతానన్నా ఇవ్వలేదు.

ఆ పక్షవాతం తర్వాత చెయ్యి రాసేది కానీ, రాసినదాన్ని కళ్లు పోల్చుకునేవి కావు. చదవడం నేర్పే టీచర్లను ఇన్నేళ్లు తయారుచేసిన ప్రొఫెసర్ని, చివరికి నా శిష్యురాలి ముందే కూర్చుని అ ఆల నుంచి మొదలుపెట్టాను. "ఊహించొద్దు మేడమ్, వేలు పెట్టి చదవండి" అని నా పాఠం నాకే అప్పజెప్పేది. ఒళ్లు మండేది.

నిన్న నీ ఉత్తరం విప్పాం. అంతా చదివి, ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇక నా చదువింతేనేమోనని ఏడ్చేశాను. ఆ పిల్ల కాగితం తీసుకుని, కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాకూ రావట్లేదు మేడమ్" అంది.

నీ కోడిగీతలు చూసి ఇంత సంతోషించింది లోకంలో నేనొక్కదాన్నేరా! ఆ వాక్యం మళ్లీ రాసి పంపు. నేనే చదువుకుంటాను.

నీ అక్క