ఊరికే ఇచ్చే గోంగూర

అత్తయ్యా,

ఖాళీ సీసాల కోసం మస్కి వెళ్తున్నాను. పప్పు తాలింపు పెట్టి పొయ్యి మీదే ఉంచాను. మజ్జిగ ఫ్రిజ్‌లో ఉంది.

మన పచ్చళ్ల వీడియోలు పెట్టే రక్షిత మధ్యాహ్నం వస్తుంది. ముందు భోజనం పెట్టండి. తర్వాత మీరు గోంగూర కలుపుతుంటే వీడియో తీసుకుంటుంది. అప్పుడు మాత్రం, "కొనడమెందుకు, మా ఊరు జవళగేర వస్తే నేనే ఇస్తాగా" అనకండి. పోయినసారి అన్నారు. జనం వచ్చారు. మీరు ఇచ్చారు.

వీడియో కింద ఉన్న లింకు నొక్కి కొంటేనే రక్షితకు కమీషన్ వస్తుంది. ఇంటికొచ్చి పట్టుకెళ్తే ఆమెకేమీ రాదు. నిన్న ఫోన్ చేసి, "మీ అత్తమ్మ అందరికీ ముఫత్‌ల ఇస్తే నాకేం మిగుల్తది అక్కా? మళ్ల గిట్లనే అయితే నేను చెయ్య" అంది. ఆమె మానేస్తే మన పచ్చడి సంగతి ఈ ఊరి బయట తెలిసేది మీ చెల్లెలొక్కరికే.

"ఇంటికొచ్చినోళ్ల దగ్గర పచ్చడికి డబ్బులేంటమ్మాయ్, నలుగురూ నవ్విపోతారు" అంటారని తెలుసు. వచ్చినవాళ్లకు అన్నంలో ఎంతైనా వడ్డించండి, నెయ్యి కూడా వేయండి. లేబులు అంటించిన సీసా మాత్రం గడప దాటకూడదు.

వాణి

చెప్పడం మరిచాను. మీ పేరున కూడా ఒక లింకు చేయించి మీ ఫోనులో పెట్టాను. మీ చెల్లెలికీ, భజన వాళ్లకీ పంపండి. దాని మీద వచ్చే కమీషన్ మీకు డబ్బుగా కాదు, పచ్చడి సీసాలుగా ఇస్తాను. వాటిని ఎవరికి ఊరికే ఇచ్చుకున్నా నేను అడగను.