షిరీన్ ముక్కు

ఆదివారం, ధర్మపురి

మా మేడమీద అద్దెకుంటున్న ముగ్గురు ఇరాన్ విద్యార్థినుల్లో ఇద్దరు ముక్కుకు ఆపరేషన్ చేయించుకున్నారు. కట్టు విప్పే గడువు దాటినా గొప్పగా దానితోనే తిరుగుతున్నారు. రేపు మధ్యాహ్నం బెంగళూరులో షిరీన్ వంతు.

"ఈ ముక్కుకేమొచ్చింది పాపా? ముక్కుపుల్ల పెట్టేదానికే పుట్టినట్టుండాదే!" అన్నది అమ్మ. నేను ఇంగ్లీషులో చెప్పాను. షిరీన్ నవ్వలేదు.

"ఫోటోల్లో నేనొక్కదాన్నే వేరుగా కనిపిస్తున్నాను, అంకుల్."

అంటూనే ఇన్‌హేలర్ పీల్చింది. ఉబ్బసం సంగతి మత్తిచ్చే డాక్టరుకు చెప్పలేదట. చెబితే వాయిదా వేస్తారని భయం. నేను విలేకరినని తెలుసు కనక, "మీరు పేపర్లో రాయొద్దు" అన్నది.

రాయనని మాటిచ్చాను; ఇది నా డైరీ మాత్రమే. డాక్టరుకు చెప్పనని మాత్రం అనలేదు. చెబితే ఆ పిల్ల ఇక నాతో మాట్లాడదు. చెప్పకపోతే...

ఉదయం ఆసుపత్రి తెరవగానే ఫోన్ చేస్తాను.