మొదటి ముద్ద

ఖమ్మం,
తేది 18-11-1983.

పూజ్యులైన పద్మావతక్కయ్యకు,

మీ తోటికోడలు సీతారావమ్మ నమస్కరించి రాయు సంగతులు. ఇక్కడ మేము నలుగురం క్షేమం. అక్కడ మీరూ, బావగారూ, అత్తయ్యగారూ, ఈనిన గేదే క్షేమమని తలుస్తాను. క్షేమమని రాయడం ఉత్తరానికి మర్యాద కాబట్టి రాశాను. మా నలుగురిలో ఒకడి సంగతి తర్వాత చెబుతాను.

చర్ల వదిలి వచ్చి ఐదు నెలలైనా ఒక్క ఉత్తరం ముక్క రాయలేదని, దసరాకు వచ్చిన మీ మరిదితో అన్నారట. పిల్లల్ని ఎందుకు తీసుకురాలేదని కూడా అడిగారట. ఆయన నా మొహం చూడకుండా మీరు అడిగినవన్నీ నాకు అప్పజెప్పారు. ఇప్పుడు రాస్తున్నాను కదా, తీరిగ్గా చదువుకోండి. మీకు తీరికకేం తక్కువ, నా పిల్లలిద్దరూ మీ ఒళ్ళోంచి దిగి వచ్చేశారు.

ముందు ఊరి సంగతులు. మామిళ్ళగూడెంలో వరసగా నాలుగు వాటాలున్న ఇంట్లో మూడో వాటా కిరాయికి తీసుకున్నాం. ముందు గది, వెనక వంటగది, అంతే. మంచం వాలిస్తే మనుషులకు చోటుండదు. అయినా గాలి వీస్తే చాలు కరెంటు పోయే చర్ల కాదు ఇది. తెల్లవారుజామున సందులో మున్సిపాలిటీ పంపు వస్తుంది. ఆ గంటసేపూ బిందెల చప్పుడుకు కోళ్ళు కూడా కూయడం మానుకుంటాయి. మీ మరిది మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంట్లో అందరం తుమ్ముతాం. ఆయన చొక్కా ఉతికితే నా చేతులు భగభగమంటాయి. చేలో నిలబడి మిరపకాయలు కోయించిన దాన్ని, ఇప్పుడు మిరప ఘాటు ఉతుకుతున్నాను.

కల్యాణి రెండో తరగతిలో చేరింది. మొదట్లో బళ్ళో పిల్లలు దాన్ని అడవి పిల్ల అన్నారట. మీ ఇంటికి పులి వస్తుందా అని అడిగితే, రోజూ వస్తుంది, మా పెద్దమ్మ దానికి మజ్జిగ పోస్తుంది అని చెప్పిందట. ఆనాటి నుంచి దాని పక్కన కూర్చోవడానికి పోటీ. ఇప్పుడు టీచరును మేడమ్ అంటోంది, పొరపాటున ఒకసారి నన్నూ మేడమ్ అంది. కోదండం మాత్రం వచ్చిన కొత్తలో గోదావరి ఏదీ అని అడుగుతుండేవాడు. మీ మరిది ఎత్తుకుని పోయి మున్నేరు చూపిస్తే, ఇది కాదు అన్నాడట. వాడికి ఏది చూపించినా అదే మాట.

ఇక వాడి సంగతే. కోదండం అన్నం తినడం లేదు.

చిక్కిపోయాడని రాస్తే మీరు గుండెలు బాదుకుంటారు కాబట్టి కొంచెం ఒళ్ళు తగ్గాడని రాస్తున్నాను. మూడున్నరేళ్ళ వాడి రెక్క పట్టుకుంటే నా వేళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. కంచంలో అన్నం కలిపి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీరు పెట్టేవారని అత్తయ్యగారు చెప్పిన పద్ధతిలోనే పేరు పేరునా ముద్దలు పెడతాను. ఇది నాన్న ముద్ద, ఇది తాత ముద్ద, ఇది మేనమామ ముద్ద అంటాను. నాన్న ముద్ద దగ్గరే వాడు పెదవులు బిగిస్తాడు. మొదట్లో అమ్మ, అమ్మ అని గొణిగేవాడు. అమ్మను నేనే కదరా, ఎదురుగానే ఉన్నాను కదా, తిను అనేదాన్ని. ఇప్పుడు ఆ గొణుగుడూ మానేశాడు. ఒకరోజు కల్యాణి, పెద్దమ్మ అయితే ముందు, అంటూ ఏదో మొదలుపెట్టింది. పెద్దమ్మ ఇక్కడ లేదు, నువ్వు నోరు మూసుకుని తిను అన్నాను. అది తల వంచుకుని తింది. దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరు పొట్ట నొక్కి, నాలుక చూసి, వీడికి ఏ జబ్బూ లేదమ్మా అన్నాడు.

జబ్బు లేదని నాకూ తెలుసు. ఎందుకంటే వాడు పక్క వాటాలో శుభ్రంగా తింటున్నాడు.

ఆ వాటాలో మంగ్లి అని ఒకామె ఉంది. వాళ్ళది కుసుమంచి దగ్గర తండా, మొగుడు హాతీరాం ఆర్టీసీలో డ్రైవరు. మన చర్ల వైపు కోయవాళ్ళే గాని లంబాడీలు తక్కువ కదా, వాళ్ళ మాట నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థమైన మొదటి మాటే నా ప్రాణం తీసింది. వాళ్ళ కొడుకు బద్యా తల్లిని యాడీ అని పిలుస్తాడు, అంటే అమ్మా అని. ఓ పొద్దున నేను పప్పు కడుగుతుంటే గోడ అవతల నుంచి యాడీ, యాడీ అని వినిపించింది. గొంతు బద్యాది కాదు, నా కొడుకుది. కడుగుతున్న పప్పు సగం కాలవలో పోయింది.

దాపరికం ఎందుకు అక్కయ్యా, నాకు ఒళ్ళు మండిపోయింది. మంగ్లి ఏం చేసినా మండుతుంది. మోచేతుల దాకా ఎముకతో చేసిన తెల్ల గాజులు వేసుకుంటుంది. వీడు ఆమె ఒళ్ళో పడుకుని వాటిని పైకీ కిందికీ జరుపుతూ ఆడుకుంటాడు. నేనూ బజారుకు పోయాను. అలాంటివి దొరక్క మామూలు గాజుతో చేసినవే చేతుల నిండా వేయించుకుని వచ్చాను. అంట్లు తోముతుంటే సగం పగిలాయి, మిగిలిన సగాన్ని వాడు చూడనైనా చూడలేదు. మీ మరిది మాత్రం చూసి, ఇవాళ ఏం పండగ అని అడిగారు.

ఆమె జొన్నరొట్టె చేస్తుంది. చప్పట్లు కొట్టినట్టు పిండి చరుస్తుంటే వీడు పీట లాక్కుని ముందే కూర్చుంటాడు. నేనూ జొన్నపిండి తెప్పించాను. నా రొట్టె పెనం చేరకముందే చేతిలో ముక్కలైంది. ఆ ముక్కలే కాల్చి, పాలల్లో వేసి ఇచ్చాను. వాడు గిన్నె ఎత్తుకుని పక్కింటికి పోయాడు. అక్కడ అవే ముక్కలు తిన్నాడు. రొట్టె నాది, పాలు నావి, చెయ్యి ఆమెది. దీనికి ఏ డాక్టరు మందిస్తాడు చెప్పండి.

పోయిన వారం తలుపు గడియ పెట్టాను. వాడు ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. అన్నం పెడితే పెదవులు బిగించాడు. పొద్దుగూకే దాకా అలాగే ఉన్నాడు. మీ మరిది వచ్చి గడియ తీశారు, నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నేనూ నాలుగు అందును.

మర్నాడు పంపు దగ్గర మంగ్లితో తగువు పెట్టుకున్నాను. నీ కొడుకును నువ్వు పెంచుకో, నా కొడుకు జోలికి రాకు, ఏం పెట్టి మరిపించావు వాణ్ణి అని అందరి ముందూ అడిగేశాను. ఆమె బిందె దించి, ఏందమ్మా గట్ల మాట్లాడుతవ్, నీ ఇంట్లకొచ్చి గుంజుకపోతున్ననా, పిలగాడు ఆకలని వస్తే పొమ్మంటనా, నువ్వయితే అంటవా అన్నది. చివరి వాటాలో ఉండే ముత్తక్క, కొట్లాట ఇంటికాడ పెట్టుకోండ్రి, జల్దీ పట్టుకోండ్రి, నీళ్ళు పోతయ్ అని కసిరింది. నాకు ఆ రోజు సగం బిందే దక్కింది.

ఆ సగం బిందె మోసుకొస్తుంటే మీరు గుర్తొచ్చారు. మీ మీద కూడా కోపమొచ్చింది. ఎందుకో రాస్తాను, ఏమీ అనుకోకండి. అనుకున్నా నేను చేయగలిగింది లేదు.

మన ఇంట్లో పొలం పని నాదీ, పొయ్యి పని మీదీ అని అత్తయ్యగారు పంచిపెట్టారు. మీ అబ్బాయి భద్రాచలం హాస్టలుకు పోయాక నా పిల్లలే మీ పిల్లలయ్యారు. నేను మిరప చేలో కూలీల వెంట తిరిగి ఇంటికొచ్చేసరికి కోదండం మూతి కడిగి ఉండేది, కడుపు నిండి ఉండేది. ఎత్తుకోబోతే మీ భుజం మీద మొహం దాచుకునేవాడు. మీరు నవ్వి, అమ్మరా, పో నాన్నా, అనేవారు. నా కొడుకును నా దగ్గరికి మీరు పంపడం ఏమిటని నాకు లోపల కుతకుతలాడేది. ఖమ్మంలో కొలువు దొరికిందని మీ మరిది అనగానే జీతమెంతో కూడా అడగకుండా పెట్టె సర్దింది అందుకే. ఇక్కడ పొలం లేదు, పొయ్యి నాది, పిల్లలు నావాళ్ళు అనుకున్నాను.

బస్సు దగ్గర వాడు మీ కొంగు గుప్పిట్లో పట్టుకుంటే ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. మీరు ఏడవలేదు. వాడి తల మీద చెయ్యి వేసి, అమ్మ దగ్గర బాగా తిను అన్నారు. మీరు ఏడ్చి ఉంటే నాకు కాస్త బాగుండేది. ఇంత దూరం వచ్చి, ఒక పెద్దమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్న కొడుకును ఇంకో యాడీ చేతిలో పెట్టాను.

అడగడం నాకు ఇష్టం లేదు, అయినా అడుగుతున్నాను. వాడి అన్నంలో మీరు ఏం కలిపేవారు? నెయ్యా, చారా, బెల్లమా? కథ చెప్పేవారా, పాట పాడేవారా? ఒక కార్డు ముక్క మీద రాస్తే చాలు. మీరు మాత్రం రావద్దు. ఇల్లు ఇరుకు, ఇక్కడి నీళ్ళు మీకు పడవు, భద్రాచలంలో బస్సు మారడం మీకు ఇబ్బంది. ఇవేవీ అసలు కారణాలు కావని మీకు తెలుసు. తెలియనట్టే ఉండండి.

అత్తయ్యగారికీ బావగారికీ నా నమస్కారాలు చెప్పండి. కల్యాణి మీకు ముద్దులు రాయమంది, రాశాను.

ఇట్లు,
మీ తోటికోడలు
సీతారావమ్మ

తా. క. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడానికి మనసొప్పక బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచాను. ఇవాళ మళ్ళీ విప్పి రాస్తున్నాను.

పొద్దున మంగ్లి వచ్చింది. పంపు దగ్గర తగువయ్యాక మా గుమ్మం తొక్కడం ఇదే. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే అడిగింది, సీతమ్మా, ఈ పెద్దమ్మ ఎవరు అని. రొట్టె చేసేది నేను, పెట్టేది నేను, ఆఖరి ముద్ద నీ కొడుకు పెద్దమ్మది అని పక్కకు పెడుతుండు, బద్యాను గూడ ముట్టనియ్యడు, ఇన్ని దినాల సంది పెడుతున్న, ఒక్కనాడన్న మంగ్లి ముద్ద అన్నడా అన్నది. చెబితే నమ్మరు, ఆమెకూ కుళ్ళే. మీరంటే!

నాకు నవ్వొచ్చింది. మరి మొదటి ముద్ద ఎవరిదంటాడు అని అడిగాను. మంగ్లి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఇంకెవరిది, నీదే, అమ్మ ముద్ద అని చెప్పందే నోరు తెరుస్తడా, వచ్చిన మొదటి రోజు నాకు వాడే నేర్పిండు అన్నది. తర్వాత ఆమె ఏమందో నేను వినలేదు.

కల్యాణిని పిలిచి అడిగాను. ఈసారి మధ్యలో ఆపలేదు. పెద్దమ్మ ఎప్పుడూ ముందు అమ్మ ముద్ద పెట్టేదట. అమ్మ మన కోసం చేలో ఎండలో ఉంది, అమ్మ ముద్ద తిన్నాకే మిగతావాళ్ళవి అని చెప్పేదట. అన్నీ అయ్యాక చివరి ముద్ద తమ్ముడు తన చేత్తో పెద్దమ్మ నోట్లో పెట్టేవాడట. ఆ వేళకు నేను ఎన్నడూ ఇంట్లో లేను, నాకెలా తెలుస్తుంది? మీరైనా ఒక్కసారి చెప్పారా?

పెట్టేది నేనే కదా, మళ్ళీ అమ్మ ముద్ద ఎందుకులే అనుకుని ఆ పేరుతో పెట్టలేదు. మీ ముద్ద మాత్రం కావాలనే ఎగ్గొట్టాను. వాడు పుట్టకముందే పోయిన తాత పేరు చెప్పాను, ఏడాదికోసారి కనబడే మేనమామ పేరు చెప్పాను, మీ పేరు నా నోట రానివ్వలేదు. ఇది పైన రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మధ్యాహ్నం పప్పన్నం కలిపి, ఇది అమ్మ ముద్ద అన్నాను. నోరు తెరిచాడు. అంతే అక్కయ్యా, నోరు తెరిచాడు. నాకు ఏడుపు ఆగలేదు. కోపం కూడా వచ్చింది, వాడికి నన్ను నేర్పింది కూడా మీరేనా అని. నా కుళ్ళు పోయిందనుకోకండి, ఉంది.

ఆఖరి ముద్ద వాడు నా చేతిలోంచి తీసుకున్నాడు. నాకు పెడతాడేమోనని నోరు తెరిచాను. పెట్టలేదు. పెద్దమ్మది అని కంచం అంచున పెట్టి లేచిపోయాడు. దాని మీద గిన్నె బోర్లించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తాను. మంచం ఎత్తేసి కింద పక్కలు వేస్తాను. మీ మరిది భద్రాచలం బస్టాండుకు ఎదురొస్తారు. మీ ముద్ద మీరే వచ్చి తినండి.