నల్లా కింది గుంత

1982 మార్చి 7, ఆదివారం

నల్లాలో నీళ్లు దారంలా సన్నగా వస్తున్నాయి. బిందె నిండేలోపు పప్పు మాడిపోయింది. ట్యాంకి కట్టి ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఈ వైభోగం! బావికి పోయి రెండు బిందెలు తోడానో లేదో నడుం పట్టేసింది.

ఈయనకు ఇవాళ డ్యూటీ లేదు. కాజీపేట రైల్వే షెడ్డు నుంచి నట్లు విప్పే పానాలు తెచ్చి పెట్టుకున్నారు. "నల్లా ఎత్తుల ఉన్నది. అందుకే నీళ్లు ఎక్కుతలేవు. నల్లా ఇప్పేసి, పైపు కిందికి కోసి, గుంత తవ్వితే దబదబ వస్తయి సూడు" అన్నారు.

"ఊరందరి పైపు కదా అది…"

"మన వాకిట్ల మనం తవ్వుకుంటే ఊరికేంది నష్టం?"

వద్దనలేదు నేను. పార తెచ్చి ఇచ్చింది కూడా నేనే.

మార్చి 8

దబదబే వచ్చాయి! గుంతలో దిగి చెంబుతో ముంచుకోవడం, బిందెలో పోసుకోవడం. గుండిగలు, బకెట్లు, డ్రమ్ము, ఆఖరికి అప్పాల గిన్నె కూడా నింపాను. ఎంత ఆశో నాకు. నడుం నొప్పి లేకుండా బడికి పోయాను, ఎన్నాళ్లకో. పిల్లల మీద కూడా అరవలేదు.

మార్చి 12

గౌసియా మళ్లీ ఆలస్యం. అందరి ముందూ నిలబెట్టి తిట్టాను. తిట్టడం అయ్యాక అడిగాను, ఎందుకని.

"మోటబాయికి పోయిన టీచర్. గడ్డ మీద నల్లా వస్తలేదు."

ఎప్పటి నుంచి అని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు. పైపు మా ఇంటి ముందు నుంచే గడ్డ మీదికి పోతుంది. ఊళ్లో ఎత్తు మీదున్న వాడ అది, లైనుకు అదే చివర.

అసలు ఆ పైపు గడ్డ దాకా పోయిందంటే గౌసియా నానమ్మ యాకూబక్క వల్లే. పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ నేను తిరిగినన్ని రోజులూ బీడీల చాట పక్కన పడేసి నా వెంట వచ్చింది. నేను మర్యాదగా మాట్లాడుతుంటే ఇంజనీరు తల కూడా ఎత్తలేదు. "గడ్డ మీదోళ్లం మనుషులం కాదా సారూ?" అని ఆమె గట్టిగా అంటే ఎత్తాడు.

మార్చి 13

గడ్డ మీదికి నీళ్లు పోవడం లేదట అని ఈయనతో అన్నాను. "గడ్డ ఎత్తుల ఉంటే మనమేం జేస్తం? ముందు నీ నడుం సంగతి సూస్కో" అన్నారు.

చూసుకున్నాను. ఇవాళ కూడా గుంతలోంచే.

మార్చి 19

ఒక వింత. పంపు మల్లయ్య వాల్వు కట్టేసే వేళకు గుంత దగ్గరే ఉన్నాను. నీళ్లు ఆగిపోయాయి. ఒక్క క్షణం తర్వాత గుంతలో మిగిలిన నీళ్లు గుటగుటమంటూ వెనక్కి పైపులోకి పోయాయి. బియ్యం కడిగిన నీళ్లు, బురద, మోరీలోంచి పొంగి వచ్చినవి, అన్నీ. "పైపుకు దూపైనట్టుంది!" అన్నాను. ఈయన పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 22

మనసు పీకుతూనే ఉంది. బడి నుంచి వస్తూ మల్లయ్యను ఆపాను. మా లైను వాల్వు ఇంకాసేపు విప్పి ఉంచమన్నాను, గడ్డ మీదోళ్లు పాపం అని.

"మీరు జెప్తే కాదంటనా అమ్మా" అన్నాడు. విప్పి ఉంచాడు కూడా.

మార్చి 23

గడ్డ మీదికి నీళ్లు అందాయి! యాకూబక్క పనిగట్టుకుని వచ్చింది. "నువ్వు జెప్పినవంట గదా చెల్లే. ఇయ్యాల కడుపు నిండ తాగినం" అంది. వాకిట్లో మా గుంతను చూసి "ఇదేంది, మంచిగున్నదే!" అంది. నేను మాట మార్చి పచ్చడి పెట్టి పంపాను. మనసు తేలికైంది. చేసిన దానికి చెల్లు చేసేశానని అనుకున్నాను.

మార్చి 25

గడ్డ మీద ఇంటింటా వాంతులు, బేదులు. గౌసియా బడికి రాలేదు.

మార్చి 26

గౌసియాను వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. స్టేషన్ దాకా ఎడ్లబండిలో. నేను ఎదురుపోయాను. పిల్ల కళ్లు లోపలికి పోయాయి, పెదవులు ఎండిపోయాయి. యాకూబక్క నా చేయి వదలదు… "మాటాడుతలేదు చెల్లే. నీ పేరు జెప్తే గూడ పలుకుతలేదు. జర దేవునికి మొక్కు."

బండి కదిలాక గుర్తొచ్చింది. ఆ గుటగుట.

పైపు తాగిన నీళ్లు పైపులోనే ఉంటాయి. మర్నాడు వాల్వు విప్పితే ముందుకు పోతాయి. ముందుకంటే గడ్డ మీదికే. ఇన్నాళ్లూ అక్కడిదాకా పోయే బలం లేదు వాటికి. బలం ఇప్పించింది నేను. పాపం అని.

కాదేమో. ఇంకేదైనా అయి ఉండొచ్చు…

అదే. ఎన్ని రకాలుగా ఆలోచించినా అదే.

మార్చి 28

పంచాయతీ ఆఫీసు ముందు జనం. అందరూ మల్లయ్య మీద పడ్డారు. "ట్యాంకిల బ్లీచింగు మందు ఎయ్యలే వీడు! పండుకున్నడు!" మల్లయ్య తల దించుకుని నిలబడ్డాడు. "మందు అయిపోయింది. ఆఫీసుకు పోయి తెద్దామనుకుంట ఆలస్యం జేసిన. నాదే తప్పు" అన్నాడు. నిజంగానే నమ్ముతున్నాడు, తనదే అని. కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

"రేపటి సంది నువ్వు రాకు" అన్నాడు సర్పంచు. తర్వాత నా వైపు తిరిగాడు. "టీచరమ్మ, మీరేమంటరు?"

అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిచాను.

"నీళ్లు కాచి తాగండి" అన్నాను.

ఛీ. ఏం బతుకు నాది.

మార్చి 29

గుంత పూడ్చేద్దామన్నాను. "ఇప్పుడు పూడిస్తే మనమే జేసినమని ఒప్పుకున్నట్టయితది" అన్నారు ఈయన. అన్నం సగంలో వదిలేసి లేచారు. భయం ఆయనకూ ఉంది. నేనేమో ఆ మాట అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. ఎంత సుఖంగా ఊరుకున్నానో!

మార్చి 30

దవాఖాన నుంచి కబురు లేదు.

ఏప్రిల్ 1

సెలవు పెట్టి వరంగల్ పోయాను. చెప్పేద్దామనే పోయాను, దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ. గౌసియా చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. నన్ను చూసి లేవబోయింది. బడిలో నేను గదిలోకి వస్తే లేస్తుంది కదా, అలా. పడుకో బిడ్డా అన్నాను.

"యాకూబక్కా, నీతో ఒక మాట…"

"తర్వాత జెప్పుదువు గాని, ముందుగాల చాయ్ తాగు. ఎండల పడి వచ్చినవ్."

తాగాను. మాట చాయ్‌తో పాటే లోపలికి పోయింది.

పిల్లకు గండం గడిచిందన్నాడు డాక్టరు. భోరున ఏడ్చేశాను. "మా టీచరమ్మకు పిల్లలంటే గంత పానం" అని యాకూబక్క పక్క మంచం ఆవిడకు చెబుతోంది. అక్కడి నుంచి ఎలా బయటపడ్డానో నాకే తెలియదు.

ఏప్రిల్ 2

ఈయన డ్యూటీకి పోగానే పార పట్టాను. పైపు నోట్లో కట్టె దిగగొట్టి, గుడ్డ చుట్టి, గుంత పూడ్చాను. నడుం విరిగినంత పనైంది. విరగనీ. సాయంత్రం ఈయన చూసి, పార కడిగి మూలన పెట్టారు. ఇక మళ్లీ బావి.

మన్ను తొక్కి తొక్కి సాఫు చేశాను. అక్కడ ఏమీ లేనట్టే ఉంది. అందుకే చేశానేమో.

ఏప్రిల్ 6

మల్లయ్య, భార్య మరిపెడ దిక్కు మిర్చి ఏరడానికి పోయారట. మల్లయ్య తల్లి బావి దగ్గర కనిపించింది. "మీరొక్క మాటంటే మల్ల పెట్టుకుంటరంట బిడ్డా." చూస్తానమ్మా అన్నాను. నా చేతిలోంచి చేద తీసుకుని నాకు నీళ్లు తోడి ఇచ్చింది.

ఏప్రిల్ 11, ఆదివారం

గౌసియా ఇంటికి వచ్చిందని తెలిసి బత్తాయిలు పట్టుకుని గడ్డ ఎక్కాను. ఇవాళ చాయ్ కూడా తాగను, నిలబడే చెప్పేస్తాను అనుకుంటూ.

యాకూబక్క నవ్వుకుంటూ ఎదురొచ్చింది. చేయి పట్టుకుని నేరుగా నల్లా దగ్గరికి లాక్కుపోయింది.

"సూడు చెల్లే! మీ ఇంటికాడ సూసిన గదా, గట్లనే తవ్విచ్చిన. మీదానికంటే ఎక్కువ లోతు. ఇగ మాకు నీళ్ల ఫికర్ లేదు."

నల్లా లేదు. గుంత ఉంది. పెద్దవాళ్లు దిగడానికి ఇరుకు. అందులో గౌసియా, చేతికి సూది గుచ్చిన చోట ఇంకా కమిలే ఉంది. చెంబుతో ముంచి పైకి అందిస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"మీ లెక్కనే టీచర్!"

"పిల్లను పైకి తియ్యక్కా. దీన్ని పూడ్చెయ్యి" అన్నాను.

"ఎందుకు?"

"మంచిది కాదు. నీళ్లు పాడవుతాయి…"

యాకూబక్క ముఖంలో నవ్వు పోయింది. "మీకు వచ్చినన్ని దినాలు మంచియే ఉండె. మాకు వస్తే పూడ్వాల్నా?"

"నాది పూడ్చేశాను అక్కా."

"ఎప్పుడు?" అంది. గుంత వైపు చూసి, "ఎందుకు పూడ్సినవ్?" అంది.

నేను బత్తాయిల సంచి ఆమె చేతిలో పెట్టాను. పెట్టి, దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 12

బడికి పోయే ముందు రాస్తున్నాను. బయట ఎవరో పిలుస్తున్నారు. కిటికీలోంచి చూశాను. యాకూబక్క. గౌసియా చేయి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నన్ను చూడటం లేదు. నేను మన్ను తొక్కిన చోట వంగి చూస్తోంది, కాలితో మెల్లగా ఒత్తి చూస్తోంది…

"టీచరమ్మా" అని మళ్లీ పిలిచింది. ఇవాళ చెల్లే అనలేదు.

తలుపు తియ్యాలి.