పేర్లు ఆడ

వ్యాసర్పాడి,
ఆగస్టు 9

నా మాట సగంలో ఉండగానే ఫోను పెట్టేసే మా అక్క లక్ష్మీప్రియకు,

ఫోన్లో అరుస్తానని పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. చించేయాలనిపిస్తే చివరిదాకా చదివి చించు. రేపు ఉద్యోగం మానేస్తున్నాను.

ఎందుకో విను. నూరేళ్ళ కిందట జార్జి టౌన్‌లో బాలకృష్ణయ్య అనే ఆయన ఫోటో స్టూడియో నడిపాడు. ఫిల్ముకి బదులు ఆయన ఫోటోలు తీసిన గాజు పలకలూ, వాటి రిజిస్టరూ ఆయన మనవరాలు వాసవాంబగారు మా సంగ్రహాలయానికి ఇచ్చింది. ఒక్కొక్క పలకనీ దీపపు పెట్టె మీద పెట్టి, రిజిస్టరులో దాని గురించి ఏం రాసుందో చూసి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆరు నెలలుగా నా పని. మండీ వర్తకుల పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. ప్రతి పేరు చివరా 'గారు' ఉంది. ఒక వర్తకుడి గుర్రానికి కూడా పేరుంది. యాభైఏడో పలక దగ్గర మాత్రం ఇంతే: "హార్బరు కూలోళ్ళు పదకొండుమంది. పేర్లు ఆడ."

చూశావా వెటకారం? మూటలు మోసి మోసి భుజాలు కుంగిన పదకొండుమంది మగవాళ్ళకి ఆడ పేర్లట. కూలివాణ్ణి మగవాడిగా కూడా ఒప్పుకోని పొగరు. హైదరాబాదు నుంచి వచ్చిన మా అధికారి సింధూరి మేడమ్‌కి చూపించాను. ఆమె కూడా అలాగే చదివి, ఏదో పొరపాటున రాసుంటారు, 'పేర్లు తెలియవు' అని ఎక్కించేసి తర్వాతి పలక తీయమంది. నేను తీయలేదు. నెల రోజులుగా ఆ పలక దగ్గరే ఆగిపోయాను.

దానికి ఇంకో కారణం ఉంది. ఆ పదకొండుమందిలో ఒకడికి నాన్న ముఖం ఉంది. కోపం వస్తే నాన్న కింది పెదవిని లోపలికి లాక్కునేవాడే, అచ్చం అలాగే నిలబడి ఉన్నాడు. నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. ఆరో తరగతిలో టీచరు ముత్తాత దాకా పేర్లు రాసుకురమ్మంది. నాన్న తన తండ్రి పేరు చెప్పాడు. ఆయన తండ్రి పేరడిగితే, హార్బర్లో మూటలు మోసేవాడన్నాడు. అది పని కదా, నేనడిగింది పేరు అన్నాను. చెంప పగలగొట్టాడు. నాన్న నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. అల్లరి చేసి దెబ్బ తిన్నానని నీతో అబద్ధం చెప్పాను. తనకే ఆ పేరు తెలియకపోవడం వల్ల కొట్టాడని నాకు ఇరవై ఏళ్ళు దాటాక అర్థమైంది. అప్పటికి నాన్న లేడు.

రేపు ఈ ఫోటోల ప్రదర్శన మొదలు. వాసవాంబగారే దీపం వెలిగిస్తుంది. 'పేర్లు దోచిన స్టూడియో' అని కరపత్రం రాసి రెండువందలు జెరాక్స్ తీయించాను. మొదటిది ఆమె చేతిలోనే పెట్టి, రాజీనామా మేడమ్ బల్ల మీద పెట్టి వచ్చేస్తాను. సంఘంవాళ్ళ కరపత్రాల చదువు నన్ను ముంచుతుందని నువ్వంటావు. బళ్ళో అరవం మాత్రమే చదివినవాడికి తెలుగు అక్షరాలు నేర్పింది ఆ కరపత్రాలే, అక్కా. వాటికి నేను ద్రోహం చెయ్యలేను.

నువ్వు తిట్టినా మారని
యువరాజ్


వ్యాసర్పాడి,
ఆగస్టు 11

ఈసారి నిజంగానే తిట్టాల్సిన అక్కకు,

పంచాను. అందరి ముందూ పంచాను. వాసవాంబగారికి ఎనభై రెండేళ్ళు. కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. మేడమ్ ముఖం తెల్లబోయింది. నేను గొడవకి సిద్ధంగా నిలబడి ఉన్నాను. ఆవిడ తలెత్తి, "ఏమప్పా, దుర్మార్గంలో దకి వొత్తు పెట్టినావే. తిట్టేటప్పుడన్నా సరిగ్గా రాయాల కదా" అంది. వెనక ఎవరో నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

తర్వాత, "ఆ రిజిస్టరు యాడుంది?" అంది.

"ఆడ, టేబుల్ మింద" అన్నాను.

"ఇప్పుడు నువ్వేమంటివి? రిజిస్టరు ఆడోళ్ళదా?"

అక్కా, నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఇంట్లో రోజుకి వందసార్లు ఈడ, ఆడ అనేవాణ్ణి. అమ్మ ఆడ, సైకిలు ఆడ. అదే మాట సిరాతో రాసి కనిపించేసరికి అచ్చు పుస్తకం చదివినట్టు చదివాను. మేడమ్‌ది హైదరాబాదు, ఆమెకి తెలియదంటే అర్థముంది. నాకేమైంది?

పేర్లు ఆడ అంటే పేర్లు అక్కడ, పలక మీదే అని. గుంపు ఫోటోలకి రిజిస్టరులో చోటు చాలదు కాబట్టి వాళ్ళ తాత గాజు అంచున పేర్లు రాసి, ఫోటోలో పడకుండా పైన నల్ల కాగితం అతికించేవాడట. శెట్టిగార్ల పెళ్ళి గుంపులకీ అదే పద్ధతట. గాజు అవతలి వైపు నుంచి చదవడానికి వీలుగా ఆయన అద్దంలో కనిపించేటట్టు తిరగేసి రాస్తుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసిందట.

జనం వెళ్ళిపోయాక మేడమ్ తడి దూదితో అద్ది అద్ది ఆ కాగితాన్ని గంటసేపు ఊడదీసింది. పలక తిప్పి పట్టుకుంటే ఒక్కొక్కడి కాళ్ళ కింద ఒక్కొక్క పేరు. నాన్న ముఖం ఉన్నవాడి కింద చూశాను. పోలిగాడు. అటు పక్కన చెంగడు, ఇటు పక్కన సుబ్బిగాడు. పదకొండుమందిలో ఒక్కడికీ 'అయ్య' లేదు.

మళ్ళీ రక్తం ఉడికింది. అయినా చేసిన తప్పు చేసిందే కదా, ఆవిడని క్షమించమన్నాను. "సగానికా, మొత్తానికా?" అంది. పేర్లు దోచాడన్న సగానికే అన్నాను. తలూపింది.

కంప్యూటర్లో పోలయ్య అని ఎక్కిస్తానన్నాను. పలక మీద ఉన్నదే ఎక్కించాలి, అది రూలు అంది మేడమ్. నా గొంతు లేచింది. అప్పుడు వాసవాంబగారు నా చెయ్యి పట్టుకుని, "దిద్దకప్పా. నువ్వు దిద్దితే మా తాత మంచోడైపోతాడు" అంది.



నాన్న ముఖం ఉన్న ఆయన మన ముత్తాతేనని రుజువు లేదు, అక్కా. ఎప్పటికీ దొరకదేమో. రాజీనామా కాగితం మేడమ్ తిరిగి ఇచ్చేసింది, నేను తీసుకున్నాను. ఇవాళ పొద్దున వెళ్ళి పదకొండు పేర్లూ ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను. పోలిగాడు అని కొడుతుంటే వేళ్ళు మొరాయించాయి. చివర వివరణ గడి ఉంటుంది. అందులో పెద్ద వ్యాసమే రాద్దామని కూర్చున్నాను. రాసిందల్లా కొట్టేస్తూ పోతే ఒక్క వాక్యం మిగిలింది. మేడమ్ చదివి, ఏమీ మార్చకుండా ఒప్పుకుంది: "ఇవి ఫోటో తీసినవాడు పిలిచిన పేర్లు, ఇంట్లో వీళ్ళని ఏమని పిలిచేవారో తెలియదు."

నీ తమ్ముడు
యువరాజ్