మలుపులో అందే బలం

శ్రీ సిటీ

ప్రియమైన నాయనకు,

ఫోన్ చేస్తే నీకు సగం వినిపించదు. నీకు వినిపించేలా అరిస్తే అమ్మకు మొత్తం వినిపిస్తుంది. అందుకే నీ మెకానిక్ షెడ్డు అడ్రసుకు రాస్తున్నాను.

కొండదారి పందెంలో నా పేరు తీసుకున్నారు. దారి మూసేసి ఒక్కో కారునూ విడిగా వదులుతారు. ఎదురు బండి రాదు. అందరికంటే త్వరగా పైకి చేరినవాళ్లే గెలిచినట్టు. మన పాత ఎర్ర కారు ఇప్పుడున్న బలంతో ఆ ఎత్తు ఎక్కలేదు. దానికి టర్బో పెట్టాలి. ఫ్యాక్టరీలో రోజూ ఇంజన్లు పరీక్షించేదాన్ని, బాగా ఆలోచించే చెబుతున్నాను. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే పొగే టర్బో చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం గాలిని ఇంజన్లోకి కూరుతుంది. ఊరికే వచ్చే బలం, ఎందుకు వదులుకోవాలి? బిగించడం మాత్రం నువ్వే చేయాలి. ఇంకొకరి చేతి మీద నాకు నమ్మకం లేదు.

అమ్మకు చెప్పొద్దు.

నీ లోహిత

&nbsp;

పలమనేరు

బంగారు తల్లి లోహితకు,

నీ ఉత్తరం చదివాక ఆ రోజు పానా పట్టుకోలేకపోయాను.

టమోటా మండీ వాళ్ల రూపేష్ తెలుసు కదా. నిరుడు తన కారుకు టర్బో పెట్టించుకుని ఘాట్ మలుపులో గోడకు కొట్టాడు. బండి లాక్కురావడానికి నన్నే పిలిచారు. ప్రాణం దక్కింది గానీ ఇప్పటికీ కుంటుతున్నాడు. "మామా, తొక్కితే రాల్యా. ఇంకొంచెం తొక్కినా. అప్పుడొచ్చింది, అంతా ఒక్కసారే" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు. పొగ పుంజుకునేదాకా టర్బోలో ఏమీ ఉండదు. పుంజుకున్నాక నీ మాట వినదు. తిన్నటి రోడ్డులో అది సుఖమే. మలుపులో?

సూపర్‌చార్జర్ వేరు. దాన్ని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. కాలు ఎంత నొక్కితే అంత బలం, అప్పటికప్పుడే. తప్పదంటే అది పెడతాను. ఏదీ పెట్టకుండా, నువ్వు ఆ కొండ ఎక్కకుండా ఉంటే ఇంకా మేలు.

"ఏమి, అన్నం ముందర కూసోని యాడనో సూస్తా ఉండావు?" అని మీ అమ్మ అడిగింది. పంటినొప్పి అన్నాను.

నీ మేలు కోరే నాయన

&nbsp;

శ్రీ సిటీ

ప్రియమైన నాయనకు,

నువ్వు చెప్పిందీ నిజమే. కానీ ఆ బెల్టు తిప్పడానికే ఇంజన్ బలంలో కొంత ఖర్చయిపోతుంది. ముందు భాగం బరువెక్కుతుంది. టర్బో చిన్నది పెడితే ఆ ఆలస్యం తగ్గుతుంది, నేను ఇక్కడ కళ్లారా చూస్తున్నాను. పోటీకి వచ్చేవాళ్లంతా టర్బోలతోనే వస్తున్నారు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నీ భయం నా గురించా, లేక నీ చేతికి ఈ పని రాదనా?

టర్బోకు ఆర్డర్ ఇచ్చేశాను. పార్సిల్ షెడ్డుకే వస్తుంది.

నీ మొండి లోహిత

&nbsp;

పలమనేరు

లోహితకు,

పార్సిల్ వచ్చింది. బిగించాను. నా చేతి మాట ఎత్తావు కాబట్టి ఇంకేమీ రాయను.

ఆదివారం పొద్దున పాత ఘాట్ దారిలో నడిపి చూస్తాను. నేను రాసేదాకా నువ్వు రావద్దు.

నాయన

&nbsp;

శ్రీ సిటీ

ప్రియమైన నాయనా,

ఆదివారం పోయి ఇంకో ఆదివారం కూడా దాటింది. నీ నుంచి ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే అమ్మ తీసి, "మీ నాయన పనిలో ఉండాడు, తర్వాత మాట్లాడతాడులే" అని పెట్టేసింది. తిన్నావా అని కూడా అడగలేదు. అమ్మ నన్ను ఆ మాట అడగకుండా ఫోన్ పెట్టడం నాకు తెలిసి ఇదే మొదలు.

భయమేసి రూపేష్‌కు చేశాను. "మీ ఎర్రకారును లారీలో వేసుకోని పోతా ఉంటే సూసినాను. ముందర పక్కంతా నలిగిపోయుండాది" అన్నాడు. మా నాయనను చూశావా అంటే, లేదన్నాడు.

ఇక్కడ పరీక్షకు పెట్టిన ఇంజన్‌లో టర్బో ఈల వేస్తే చాలు, ఇంజన్ ఆపేస్తున్నాను. ఆ మాట ఎందుకు రాశాను నాయనా? నీ చేతుల్లోనే కదా నేను స్టీరింగ్ పట్టడం నేర్చుకుంది. పందెం వద్దు. కారూ వద్దు. శనివారానికి గానీ సెలవు ఇవ్వనన్నారు. ఈలోపు ఈ ఉత్తరం మన ఊరి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. రెండు ముక్కలైనా సరే, నీ చేత్తో రాసి పంపు.

లోహిత

&nbsp;

పలమనేరు

బంగారు తల్లీ,

నా చేత్తో రాయలేను. కుడిచేయి కట్టులో ఉంది. నేను చెబుతుంటే మీ అమ్మ రాస్తోంది. దస్తూరీ చూసి కంగారుపడకు, నేను బాగున్నాను. ఇక ఇంట్లో దాచేదేమీ లేదు.

ఆ ఆదివారం షెడ్డు తలుపు తీసేసరికి అమ్మ నా వెనకే వచ్చి కారెక్కి కూర్చుంది. పార్సిల్ వాళ్లు ఫోన్ ఇంటికే చేశారట, ఆరా తీసి అంతా తెలుసుకుంది. దిగమంటే దిగలేదు. "నా బిడ్డ ఎక్కే బండి ఎట్టుంటాదో నేనూ సూడల్ల. పోనీ" అంది.

మొదటి రెండు మలుపులూ బాగానే ఎక్కాం. మూడో మలుపులో కాలు నొక్కాను, రాలేదు. ఇంకొంచెం నొక్కాను. ఈల వినిపించిందని అమ్మ తర్వాత చెప్పింది, నాకు వినిపించలేదు. వెనక నుంచి ఎవరో తోసినట్టు కారు విసురుగా పోయింది. గోడ నా వైపు వచ్చేలా స్టీరింగ్ తిప్పడం ఒక్కటే నా చేతనైంది. అమ్మకు దెబ్బ తగల్లేదు.

కారు గోడకు కొట్టుకుని ఆగింది. తర్వాత అమ్మ అడిగింది.

"ఇట్లయితాదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"తెలిసీ బిడ్డ చేతికి ఇయ్యాలనుకుంటివా?"

"ఇయ్యకముందే నేను ఎక్కినాను గదా, భారతీ."

అప్పుడు ఏడ్చింది. ఏడ్చిన సంగతి రాయనంటోంది. రాయమన్నాను.

అమ్మ ఫోన్‌లో ఆడిన ఆ ఒక్క అబద్ధం తప్ప ఇంకోటి చెప్పలేక, నిజం చెబితే పరిగెత్తుకొస్తావని భయపడి ఇన్నాళ్లూ ఊరకుండిపోయాం. అది నీకు ఇంకా పెద్ద భయమవుతుందని తోచలేదు.

పందెం మానుకుంటానని నువ్వు రాసింది అమ్మకు చదివి వినిపించాను. నా ప్రాణం కుదుటపడిందని చెబుదును గానీ, నువ్వు మానడానికి అమ్మ ఒప్పుకోలేదు. "ఆ బెల్టుది పెట్టి సూడు. అదీ మాట వినకుంటే అప్పుడు మానుకుంటాది" అంది. కారుకు టర్బో తీసేసి, నలిగిన ముందు భాగం ఈలోపే బాగుచేయించాను. బెంగుళూరు నుంచి నా పాత శిష్యుడు మునిప్రసాద్ సూపర్‌చార్జర్ తెచ్చాడు. నేను స్టూలు మీద కూర్చుని చెబుతున్నాను, అతను బిగిస్తున్నాడు. మిగతావాళ్ల టర్బోల ముందు ఇది కొంచెం వెనకబడుతుంది. వెనకబడనీ.

శనివారం రా. నెమ్మదిగా నువ్వే నడిపి చూడు. పక్క సీటు తనదేనని అమ్మ అంటోంది, నేను వాదించలేదు. నేను ముందే వెళ్లి ఆ మూడో మలుపు దగ్గర నిలబడి ఉంటాను. ధైర్యం వచ్చి కాదు. మీరిద్దరూ మలుపు తిరిగి నాకు కనిపించేదాకా, షెడ్డులో కూర్చుని ఉండడం నా వల్ల కాదు.

ఇట్లు
చెప్పింది నాయన, రాసింది అమ్మ